మాజీగారు కూర్చున్నారు!

మా వెనకింటి మంగాయమ్మగారి అల్లుడు నీళ్ల ఆఫీసులో అటెండరు. అతను అత్తగారితో చెప్పాడట. అత్తగారు పిట్టగోడ మీంచి మా ఆవిడతో చెప్పింది. మా ఆవిడ వంకాయలు తరుగుతూ నాతో చెప్పింది. ఏమనీ? మాజీ ఎమ్మెల్యే తిరుమలరావు పొద్దున్న పదిన్నరకి ఆ ఆఫీసుకొచ్చి, ఇంజనీరుగారి ఎదురు కుర్చీలో కూర్చున్నాడట. సాయంత్రం అయిదున్నరకి లేచాడట. మధ్యలో ఎవరినీ తిట్టలేదట, ఏమీ అడగలేదట. మర్నాడు మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడట!

"ఓడిపోనాడు కదా, పాపం, బుర్ర తిరిగిపోనాది" అని మంగాయమ్మగారు తీర్మానం ప్రవేశపెట్టింది. మా ఆవిడ దాన్ని ఏ సవరణలూ లేకుండా ఆమోదించింది.

ఇది జరిగి నాలుగేళ్ళు దాటింది. ఆనాడు వంకాయ కూర మీద గౌరవం కొద్దీ నోరు మూసుకున్నాను గాని, ఈవేళ బహిరంగంగా ప్రకటిస్తున్నాను. ఈ దేశంలో ప్రజాస్వామ్యం ఇంకా ఊపిరి పీలుస్తోందంటే కారణం గెలిచిన ఎమ్మెల్యేలు కాదు. ఓడిపోయిన ఎమ్మెల్యేలు!

నవ్వకండి. మీరు గెలిపించిన ఎమ్మెల్యే ఈ అయిదేళ్ళలో మీ వీధికి ఎన్నిసార్లు వచ్చాడో వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. మిగిలిన వేళ్ళతో ఈ పేపరు గట్టిగా పట్టుకుని చదవండి. చాలా వేళ్ళు మిగులుతాయి, పేపరు జారదు.

నియోజకవర్గం పేరు మాత్రం అడక్కండి. చెబితే "మా ఆయన గురించే రాశావా?" అని ఒకరూ, "మా ఆయన గురించి ఎందుకు రాయలేదు?" అని ఇంకొకరూ తగువుకొస్తారు. పెందుర్తికి పోయే బస్సులూ, ఉక్కు ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులూ ఎదురుపడే చోట ఎక్కడో ఉందనుకోండి, చాలు.

తిరుమలరావుకి పోర్టులో ఎరువుల బస్తాలు మోసే లారీలు రెండుండేవి. తొంభై నాలుగులో గాలి వీచింది. ఆ గాలికి కరెంటు స్తంభాన్ని నిలబెట్టినా గెలిచేది. పార్టీవారికి టైముకి స్తంభం దొరకలేదు, తిరుమలరావు దొరికాడు. గెలిచాడు!

ఇక చెప్పేదేముంది? హైదరాబాదులో క్వార్టరు, ఇక్కడ తెల్ల సుమో, ముందు సీట్లో గన్‌మన్, వెనక సీట్లో బావమరిది నీలకంఠం. ఏ ఆఫీసుకెళ్ళినా కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమనేవి, అందరూ లేచి నిలబడేవారు కదా! ఆ కిర్రు చప్పుడు తిరుమలరావుకి ఎంతో ఇష్టం. దాని కోసమే ఒక్కోసారి ఒకే ఆఫీసులోకి రెండుసార్లు వెళ్ళేవాడు.

అయితే ఒక్కమాట. మనిషి చెడ్డవాడు కాదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

కొండ కింద ఒక కాలనీ ఉంది. నాలుగొందల కొంపలు, ఒక్క కుళాయి లేదు. ఆడవాళ్ళు బిందెలెత్తుకుని రైలు పట్టాలు దాటి వెళ్ళాలి. వాళ్ళు వచ్చి గోడు చెప్పుకున్నప్పుడల్లా తిరుమలరావు కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగేవి. ఆ కాలనీ చూసిన నీళ్ళు అవొక్కటే! వెంటనే ఫోన్ అందుకునేవాడు.

"నాను ఎమ్మెల్యేని మాట్లాడతన్నాను. కొండకింద కాలనీకి కుళాయిలు ఏసీయాల."

"అలాగే సార్!" అనేది ఫోను.

"అయిపోనాదమ్మా, ఎల్లి రాండి" అనేవాడు తిరుమలరావు.

ఫోన్ పెట్టేస్తే పనైపోయినట్టేనని ఆయన నమ్మకం. అబద్ధం కాదు, నమ్మకం! అలా అయిదేళ్ళలో ఆ కాలనీకి పదహారుసార్లు కుళాయిలు వేయించాడు. పదహారుసార్లూ ఫోన్లోనే.

తొంభై తొమ్మిదిలో మా నియోజకవర్గం వరకు గాలి అటు తిరిగింది. తిరుమలరావు ఇటు పడ్డాడు. గన్‌మన్ ఇంకో సుమో ఎక్కాడు. ఫోను మోగడం మానేసింది. ఇటునుంచి చేస్తే "సారు మీటింగులో ఉన్నారు" అంది. సాయంత్రం చేస్తే ఇంకా మీటింగులోనే ఉన్నారంది. ఆదివారం కూడా మీటింగేనా? మన అధికారులు ఎంత కష్టపడుతున్నారో తెలుసుకోవాలంటే ఓడిపోయి చూడాలి!

మూడు నెలలు ఆయన వరండాలో పడక్కుర్చీకి అంటుకుపోయాడు. ఒకరోజు పొద్దున్న భార్య గౌరీశ్వరి చీపురుతో వచ్చి, కాళ్ళెత్తమంది. ఎత్తాడు. మళ్ళీ ఎత్తమంది. ఎత్తాడు. మూడోసారి ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది.

"ఏటండీ ఇది? రోజల్లా ఇక్కడే కూకుంటే నానిల్లు తుడుసుకోవద్దా? కూకునే పనైతే ఎక్కడికైనా ఎల్లి కూకోండి. నలుగురికి పనికొత్తాది."

గుమ్మంలో గంప దించుతున్న ఆకుకూరల సన్యాసమ్మ ఈ మాట విన్నది. ఆ కాలనీ మనిషే. మొగుడు పోయి ఎనిమిదేళ్ళు. తోటకూర కట్టలు మెట్టు మీద పెడుతూ ఇంకో మాట కలిపింది.

"బాబూ, పదవిలో ఉన్నప్పుడు పదారుసార్లు కుళాయి ఏసినావు కదా. ఓపాలి ఎల్లి అదెక్కడున్నాదో సూసి రారాదా?"

ఎగతాళి చేస్తోందో, నిజంగానే అడుగుతోందో తిరుమలరావుకి తెలియలేదు. తెలిస్తే ఓడిపోయేవాడే కాదు. చొక్కా వేసుకున్నాడు, సిటీ బస్సెక్కాడు, నీళ్ల ఆఫీసులో దిగాడు.

ఇంజనీరుగారు బెజవాడ వైపు మనిషి, మర్యాదస్తుడు. "రండి సార్, రండి! ఇంత దూరం మీరెందుకు? ఫోన్ చేస్తే సరిపోయేదిగా?"

"సేసేను బాబూ, కొండకింద కాలనీ కుళాయిల కోసం. పదారుసార్లు."

ఇంజనీరుగారు టీ తెప్పించారు. తిరుమలరావు తాగాడు. లేవలేదు. ఇంకో టీ తెప్పించారు. అదీ తాగాడు.

"ఇంకేమన్నా పనుందా సార్?"

"నేదు బాబూ. ఇదే పని. మీ పని మీరు సేసుకోండి. నాను ఇలగ కూకుంటాను."

చూశారా! మనిషి మహా అమాయకంగా అన్న మాట అది. వేరే చోటు లేదు, ఇంటి దగ్గర గౌరీశ్వరి తుడుస్తోంది. కానీ ఆ మాటతో ఇంజనీరుగారి నుదుటి మీద చెమట పట్టింది.

ఎందుకు? పాఠకులారా, కాస్త ఆలోచించండి. గెలిచిన ఎమ్మెల్యే ఆఫీసులో అయిదు నిమిషాలుంటాడు. ఆ అయిదు నిమిషాలూ అందరూ నిలబడి "అలాగే సార్" అంటే గండం గడిచిపోతుంది. మామూలు జనాన్నయితే అటెండరు గెంటేస్తాడు. మరి మాజీని ఏం చేస్తారు? గెంటడానికి లేదు, రేపు మళ్ళీ గెలిస్తే? లేచి నిలబడడానికీ లేదు, ఇప్పుడున్న ఎమ్మెల్యేకి తెలిస్తే? ఆ ఎదురు కుర్చీలో మాజీ అనేవాడు గొంతులో ఇరుక్కున్న మాత్ర. మింగుడుపడదు, బయటికి రాదు.

అసలు సంగతి ఇంకోటుంది. ఇంజనీరుగారిని చూడ్డానికి రోజూ కొందరు కాంట్రాక్టర్లు వస్తారు. తలుపు వేసుకుని మాట్లాడుకునే మాటలుంటాయి వాళ్ళకి. ఆ రోజు ఒకాయన వచ్చాడు, మాజీని చూశాడు, "తర్వాతొస్తా సార్" అని చెప్పులేసుకున్నాడు. రెండో ఆయన అద్దంలోంచే చూసి వెనుదిరిగాడు. మర్నాడూ అంతే! ఆ గదిలో రెండు రోజులపాటు గవర్నమెంటు పని తప్ప ఇంకో పని జరగలేదు. ఇలాంటి దుస్థితి ఏ అధికారి ఎన్నాళ్ళు తట్టుకోగలడు?

మూడో రోజు మధ్యాహ్నానికి ఇంజనీరుగారే ఫైలు వెతికించారు. బీరువా మీద, విరిగిన ఫ్యాను కింద దొరికింది. దుమ్ము దులిపి సంతకం చేశారు. నలభై రోజుల్లో కాలనీలో మూడు వీధి కుళాయిలు వెలిశాయి. రోజు విడిచి రోజు, గంటసేపు వస్తాయనుకోండి. అయినా నీళ్ళే!

అధికారంతో అయిదేళ్ళు. కుర్చీతో మూడు రోజులు. లెక్కల మాస్టార్లు ఎవరైనా ఉంటే ఈ లెక్క పిల్లలకి ఇవ్వండి.

ఆ తర్వాత తిరుమలరావుకి కూర్చోవడం ఒక విద్యలా పట్టుబడింది. ఆఫీసుకి పది దాటాక వెళ్ళాలి, అంతకు ముందు వెళ్తే ఎవరూ ఉండరు. తలుపులోంచి చూసేవాళ్ళకి మన మొహం కనపడే కుర్చీ ఎంచుకోవాలి. కోప్పడకూడదు. పని ఒక్కసారే చెప్పాలి. మధ్యాహ్నం క్యారేజీ విప్పి, "మా ఆవిడ గోంగూర పంపింది, తింటారా?" అని అధికారిని ఆప్యాయంగా అడగాలి. ఆ గోంగూరకి ఎందరో గట్టివాళ్ళు లొంగిపోయారు!

ఒక ఆఫీసరు మహా తెలివైనవాడు. తన గదిలో విజిటర్ల కుర్చీలన్నీ తీయించేశాడు. తిరుమలరావు కండువా పరుచుకుని నేల మీద కూర్చున్నాడు. పక్క గదుల గుమస్తాలందరూ పనులు మానుకుని తొంగి చూడసాగారు. మర్నాడు ఆ ఆఫీసరు తన ఇంటి నుంచి కుర్చీ తెప్పించి వేయించాడు. మెత్త కూడా కుట్టించాడట!

సన్యాసమ్మకి వితంతు పింఛను రావాలంటే మొగుడు పోయినట్టు కాగితం కావాలన్నారు. కాగితం తెస్తే, ఆ కాగితంలో ఉన్న మొగుడే ఈవిడ మొగుడని ఇంకో కాగితం కావాలన్నారు. తిరుమలరావు రెండు రోజులు కూర్చున్నాడు, ఒక్క కాగితమూ అక్కర్లేకపోయింది. బస్సు కాలనీ మలుపు దాకా రానన్నది. డిపోలో కూర్చున్నాడు, వచ్చింది. పెద్దాసుపత్రిలో ఎవరి తాతకో మంచం దొరకలేదు. డ్యూటీ డాక్టరు గది ముందు బల్ల మీద కూర్చున్నాడు, మంచమూ దొరికింది, డాక్టరూ దొరికాడు.

జాలరిపేట నుంచి చేపలమ్మే ఆడవాళ్ళు వచ్చారు, మార్కెట్లో చోటివ్వడం లేదని. వాళ్ళ ఓట్లు ఈ నియోజకవర్గంలో లేనే లేవు. గెలిచినవాడైతే ముందు ఆ సంగతే అడుగుతాడు. మాజీకి ఏ ఓటైతేనేం, ఎలాగూ పడలేదు కదా! వెళ్ళి కూర్చున్నాడు.

ఇక మీ ఇళ్ళల్లో శుభకార్యాల మాట చూడండి. గెలిచిన ఎమ్మెల్యేని పెళ్ళికి పిలిస్తే ముహూర్తం దాటాక నలభైమందితో దిగుతాడు. పెళ్ళికొడుకుని పక్కకి తోసి ఫోటో తీయించుకుంటాడు. ఆ నలభైమందీ మీ పులిహోర గంగాళం ఊడ్చి పెడతారు. మాజీ? అందరికంటే ముందొస్తాడు, ఒక్కడే వస్తాడు, ఆఖరి బంతిలో సాంబారు బకెట్టు కూడా పట్టుకుంటాడు. చావు దగ్గరైతే తేడా మరీ బాగా తెలుస్తుంది. ఎమ్మెల్యే వస్తున్నాడంటే శవాన్ని ఆపుతారు. మాజీ వచ్చాడంటే, మోసే భుజం ఒకటి కలిసిందని శవాన్ని లేపుతారు!

కాబట్టి ఎన్నికల సంఘం వారికి నా మనవి. ఓట్లు లెక్కపెట్టిన రోజు సాయంత్రమే గెలిచినవాళ్ళందరినీ ఓడిపోయినట్టు ప్రకటించండి. దేశం ఆరు నెలల్లో బాగుపడకపోతే నన్నడగండి.

కానీ ఒక చిన్న ఇబ్బంది ఉంది. ఈ వరం ఎవరి వల్ల మనకి దక్కిందో, ఆ మనిషికే ఇది ఇష్టం లేదు.

పెళ్ళి శుభలేఖల్లో ఆయన పేరు ముందు "మాజీ" అని వేసేవారు. ఆ రెండక్షరాల దగ్గర తిరుమలరావు కళ్ళు ఆగిపోయేవి. ఎవరో కుర్రగాడు మైకులో "మన మాజీగారు" అంటే జనం చప్పట్లు కొట్టేవారు, ఈయన దండం పెట్టేవాడు, వెంటనే కండువా సర్దుకుని వెనక వరసలోకి పోయేవాడు. నాలుగేళ్ళుగా కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. అరవయ్యో ఏడు వస్తోంది. సుమో అక్కర్లేదు, గన్‌మన్ అక్కర్లేదు. చచ్చేలోగా ఒక్కసారి తను తలుపులోంచి రాగానే కుర్చీలన్నీ కిర్రుమనాలి. అంతే ఆయన కోరిక. ఇదేమంత పెద్ద కోరిక చెప్పండి?

ఈ ఏడు ఎలక్షన్లొచ్చాయి. పార్టీ టికెట్ ఇచ్చింది. ఇదే ఆఖరిదని హైదరాబాదు వాళ్ళు చెప్పి మరీ ఇచ్చారు. ఈసారి పోతే ఇక పోయినట్టే.

"బావా, కొండకింద కాలనీ ఓట్లు గుండుగుత్తగా మనయ్యే" అన్నాడు నీలకంఠం. "ఆటి జోలికి ఎల్లనక్కర్నేదు. నువ్వు సేసినంత ఆళ్ళకెవుడు సేసినాడు?"

తిరుమలరావు మనసు నిండిపోయింది. నిజమే కదా! ఎవరు చేశారు?

పోలింగు పది రోజులుందనగా కాలనీ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఏప్రిల్ నెల ఎండ, రేకుల ఇళ్ళు, ఫ్యాన్లు ఆగిపోయాయి. సన్యాసమ్మ ఇద్దరు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని తిరుమలరావు ఇంటికొచ్చింది. వాకిట్లో అద్దె సుమోలు మూడు. ఇరవైమంది మనుషులు, జెండాలు, టిఫిన్ పొట్లాలు.

"బాబూ, కరెంటాఫీసుకి ఎల్లి కూకుందుము రా. పసిగుంటలు ఉడికిపోతన్నారు."

తిరుమలరావు కాలు అలవాటు కొద్దీ చెప్పుల్లోకి పోయింది. ఆ పొట్లాల కోసం వెళ్ళి ఇది నేను కళ్ళారా చూశాను. ఒక చెప్పు తొడిగేశాడు కూడా!

నీలకంఠం సన్యాసమ్మకి అడ్డమొచ్చాడు. "ఏటప్పా నువ్వు? బావిప్పుడు క్యాండిడేటు. ఆఫీసుల్లో ఎల్లి కూకుంటే సూసినోళ్ళు ఏటనుకుంటారు? ఓడిపోయినోడిలాగ!"

తిరుమలరావు ఆగాడు. చెప్పులోంచి కాలు వెనక్కొచ్చింది. చెయ్యి జేబులోని కొత్త సెల్‌ఫోను మీదికి పోయింది.

"పది రోజులు ఓపిక పట్టండమ్మా. గెలిసిన మర్నాడే నాను ఫోన్ సేసి సెప్పీత్తాను."

సన్యాసమ్మ మిగతా ఇద్దరి మొహాలూ చూసింది. వాళ్ళు ఆవిడ మొహం చూశారు. "అలాగే బాబూ" అంది సన్యాసమ్మ. అచ్చం ఆఫీసుల్లో ఫోన్లు అన్నట్టే అంది. ముగ్గురూ వెళ్ళిపోయారు.

మొన్న ఆదివారం ఆఖరి ప్రచారం. సుమోలు కాలనీలోకి వెళ్ళాయి. ఏం స్వాగతం, ఏం స్వాగతం! డప్పులు, బంతిపూలు, గుమ్మం గుమ్మానికీ హారతి. నుదుట బొట్టు మీద బొట్టు పెట్టి ఆయన కళ్ళలోకి కూడా కుంకం పోశారు. ముసలాళ్ళు గడ్డం పట్టుకుని ముద్దాడారు. "మా బాబే, మా బాబే" అన్నారు. తిరుమలరావు వీధి కుళాయి దగ్గర సుమో ఆపించి, దిగి, చేతులు జోడించాడు.

"అమ్మా, ఇది నా ఆఖరి పోటీ. మీరే నాకు దిక్కు. మీ ఓట్లన్నీ నాకే కదా?"

డప్పులు ఆగాయి. ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు. మగవాళ్ళు ఆకాశంలో ఏదో వెతుక్కున్నారు.

"ఏటలాగ సూత్తారు? సన్యాసమ్మా, నువ్వు సెప్పు. నాను మీకేటి తక్కువ సేసేను?"

సన్యాసమ్మ హారతి పళ్ళెం పక్కావిడ చేతికిచ్చింది.

"ఏటీ తక్కువ సెయ్యనేదు బాబూ. నీ పేరు సెప్పుకోకండా మాకు పొద్దు గడవదు. అందుకే నీకు ఎయ్యకూడదని కాలనీ అంతా అనుకున్నాం. నువ్వు గెలిసీసి ఎలిపోతే మాకెవుడున్నాడు? నువ్వు నేపోతే ఈ కరెంటు పనికి ఎవులెల్లి కూకుంటారు?"

"అయితే ఆడికే ఏత్తారా?" నీలకంఠం గొంతు కీచుమంది. "అయిదేళ్ళూ మొకం సూపించనోడికి?"

"ఆడికెందుకేత్తాం? ఆడ్నీ ఓడగొట్టీసేమంటే మాకు మాజీలు ఇద్దరవుతారు. ఒకలు నీళ్ళాఫీసుకి, ఒకలు కరెంటాఫీసుకి. ఎవుడో బకెట్టు గుర్తోడు నిలబడ్డాడట కదా, ఆడికేసీత్తన్నాం."

"ఆ బకెట్టోడెవుడో మీకు తెలుసా?"

"తెల్దు."

తిరుమలరావు కళ్ళల్లో పడ్డ కుంకం కండువాతో తుడుచుకున్నాడు. నీలకంఠమే మీదికెళ్ళాడు. "మొకం కూడా తెలీనోడు గెలిసి మీకేటి సేత్తాడే?"

"ఏటీ సెయ్యడు. అయిదేళ్ళకి ఆడూ ఓడిపోతాడు కదా నాయినా, అప్పుడు పనికొత్తాడు."